ఏ గ్రేడింగ్ కంపెనీకి పంపాలని అడిగావుగా

చిన్నా,

సేకరించే బొమ్మ కార్డు ఎంత బాగుందో చూసి, 10 దాకా మార్కు (గ్రేడు) వేసి, ప్లాస్టిక్ పెట్టెలో మూసి పంపే కంపెనీల్లో ఏది మంచిదని అడిగే ముందు ఇంకో సంగతి తేల్చుకో. ఆ కార్డులు నీ దగ్గరే ఉంచుకుంటావా, అమ్ముతావా? అమ్మే ఉద్దేశం ఉంటే నీకు ఏ కంపెనీ నచ్చిందన్నది పక్కన పెట్టాలి, రేపు కొనేవాడు ఎవరి మార్కును నమ్ముతాడో అదే చూసుకోవాలి. ఒకే కార్డుకు రెండు చోట్లా 10 వచ్చినా పెట్టె మీద పేరును బట్టి ధర మారిపోవడం చూసి కొత్తవాళ్లు మోసమనుకుంటారు. మోసమేం కాదు, నమ్మకానికి పెట్టే ధర అది.

పీఎస్‌ఏ అనే కంపెనీనే ఉదాహరణకు తీసుకో. 1991 నుంచి ఉంది, అందుకే చాలా కార్డులు వాళ్ల పెట్టెలో ఇంతకుముందు ఎంతకు అమ్ముడయ్యాయో వెతికితే దొరుకుతుంది, కొనేవాడికి ఆ ధైర్యం చాలు. దానికి తోడు వాళ్ల సెట్ రిజిస్ట్రీ ఒకటి, అంటే ఒకే వరుస కార్డులు (సెట్) ఎవరి దగ్గర ఎంత బాగున్నాయో ర్యాంకులిచ్చే పట్టిక. నా సెట్ గొప్పదా నీ సెట్ గొప్పదా అని పోటీపడే వాళ్లకు అందులో పీఎస్‌ఏ కార్డే కావాలి, వేరే కంపెనీ పెట్టెలో అంతకన్నా శుభ్రమైన కార్డు కళ్లెదుట ఉన్నా వాళ్లకు పనికిరాదు. గిరాకీ సగం అక్కడే పుడుతుంది. ఏ గ్రేడులో ఎన్ని కార్డులున్నాయో చెప్పే పాపులేషన్ రిపోర్ట్ కూడా చూడు, కానీ గుడ్డిగా నమ్మకు. పెట్టె పగలగొట్టి ఇంకా మంచి గ్రేడు కోసం అదే కార్డును మళ్లీ పంపేవాళ్లుంటారు, అప్పుడు ఒకే కార్డు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది.

అంత పేరున్న కంపెనీ కూడా పొరబడుతుంది. పీఎస్‌ఏ మొట్టమొదట గ్రేడు చేసింది పాతకాలపు బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు, టీ206 అనే పాత సెట్‌లోది, 8 ఇచ్చారు. అంచులు కత్తిరించి కార్డును కొత్తదానిలా చూపడం మోసం, ఆ పని చేసింది తనేనని 2013లో బిల్ మాస్ట్రో అనే వేలం వ్యాపారి కోర్టు కేసులో ఒప్పుకున్నాడు. గ్రేడు అంటే మనిషి కంటితో చూసి చెప్పిన అభిప్రాయం, అది మాత్రం మరిచిపోకు.

బెకెట్ అనే ఇంకో కంపెనీ పద్ధతి నాకు ఇష్టం. సెంటరింగ్ (బొమ్మ సరిగ్గా మధ్యలో ఉందా అన్నది), మూలలు, అంచులు, ఉపరితలం, నాలుగింటికీ విడివిడిగా మార్కులేస్తారు, ఎక్కడ తగ్గిందో నీకు తెలుస్తుంది. చివరి గ్రేడు సగటు కాదురా, తక్కువ వచ్చిన మార్కు మొత్తాన్ని కిందికి లాగుతుంది. నాలుగూ 10 అయితే పెట్టె మీద నల్ల చీటీ వేస్తారు, దాన్నే బ్లాక్ లేబుల్ అంటారు, దాని కోసం ఎంతైనా పెట్టేవాళ్లున్నారు. అయితే మామూలు 9.5 మాత్రం చాలా కార్డుల్లో పీఎస్‌ఏ 10 ధరను అందుకోదు. పీఎస్‌ఏలో అసలు 9.5 లేదు, 10 తప్పితే నేరుగా 9కి పడిపోతావు, ధరలో ఆ తేడా గట్టిగా తగులుతుంది.

పాత కార్డులైతే ఎస్‌జీసీ అనే కంపెనీని చిన్నచూపు చూడొద్దు. వాళ్ల పెట్టెలోని నల్ల చట్రంలో పాత కార్డు ఎంత అందంగా కనిపిస్తుందో ఎదురుగా చూస్తే తెలుస్తుంది. 2022లో కోటీ 26 లక్షల డాలర్లు పలికిన బేస్‌బాల్ ఆటగాడు మిక్కీ మాంటిల్ కార్డు (టాప్స్ కంపెనీ 1952లో అచ్చువేసింది) ఎస్‌జీసీ 9.5. 2024లో ఆ కంపెనీని పీఎస్‌ఏ యజమానులే కొన్నారు, అయినా కొనేవాళ్లు రెండింటినీ ఒకటిగా చూడరు. సీజీసీ అనేది కామిక్ పుస్తకాల గ్రేడింగ్ నుంచి వచ్చి 2020లో కార్డుల్లోకి దిగింది, పోకెమాన్, మ్యాజిక్ లాంటి కార్డు ఆటలు ఆడేవాళ్లలో దానికి మంచి ఆదరణ ఉంది. ఉంచుకోవడానికే అయితే ఈ రెండూ హాయిగా సరిపోతాయి.

అన్నిటికన్నా ముందు కార్డును నువ్వే చూడు. టేబుల్ లైట్ కింద పట్టుకుని మెల్లగా వాలుస్తూ పో, తిన్నగా చూస్తే కనపడని సన్నటి గీతలు హోలో (రంగులు మెరిసే పూత) మీద ఒక్క కోణంలో చటుక్కున బయటపడతాయి. తర్వాత వెనక్కి తిప్పి మూలలు చూడు, ముదురు రంగు అంచు మీద ఉప్పు రేణువంత తెలుపు కనిపించినా 10 మీద ఆశ పెట్టుకోకు. బొమ్మకు ఎడమ, కుడి అంచుల వెడల్పు స్కేలుతో కొలిచి రాసుకో, బొమ్మ మధ్యలో ఉందో లేదో తెలుస్తుంది. 9 వస్తే ఫీజు, పోస్టు ఖర్చు పోను ఏమైనా మిగులుతుందా అని ఆ రోజే లెక్కేసుకో, మిగలకపోతే పంపకు. పంపేటప్పుడు సాఫ్ట్ స్లీవ్ అనే పల్చటి ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, పైన మెత్తగా వంగే సెమీ రిజిడ్ హోల్డర్ వాడు, గట్టి ప్లాస్టిక్ తొడుగు టాప్‌లోడర్ వద్దు, తీసేటప్పుడు మూల తగిలే ప్రమాదం ఉంది.

గ్రేడు అయిన కార్డు కొంటుంటే లేబుల్ మీది నంబరును ఆ కంపెనీ సైట్‌లోనే కొట్టి, ఫోటో ఉంటే కార్డుతో పోల్చి చూడు. నకిలీ పెట్టెలు చేసేవాళ్లు అసలు నంబర్లనే వేస్తారు కాబట్టి నంబరు కలిసిందని డబ్బు కట్టేయకు, పెట్టె అతుకులు, లేబుల్ అచ్చు కూడా చూడు.

నువ్వు పంపాలనుకుంటున్న ఆ మూడు కార్డుల వెనక వైపు ఫోటోలు తీసి పంపు, మూలలు దగ్గరగా కనిపించాలి. చూసి ఏది ఎక్కడికో చెప్తాను.

నీ బాబాయ్