'ఓనర్స్ రిస్క్' అని రాసుకున్నా ప్యాకర్స్ అండ్ మూవర్స్ బాధ్యత పోదు

ప్రశ్న: మా వారు బ్యాంకు ఉద్యోగి. పుణెకు బదిలీ అయింది. కూకట్‌పల్లిలోని డబుల్ బెడ్‌రూమ్ ఇంటి సామాను మొత్తం తీసుకెళ్ళాలి. ప్యాకింగ్ దగ్గర్నుంచి అక్కడ మంచాలు బిగించేదాకా అన్నీ వాళ్ళే చూసుకునేలా ముగ్గురు ప్యాకర్స్ అండ్ మూవర్స్‌ని అడిగాం. ఇద్దరు ఇంటికొచ్చి సామాను చూసి 38 వేలు, 41 వేలు చెప్పారు. మూడో ఆయన ఫోన్లోనే 24 వేలకు ఒప్పుకుని, ఈరోజే 10 వేలు అడ్వాన్సు పంపమంటున్నాడు. ఆయన పంపిన కాగితంలో 'గూడ్స్ ఎట్ ఓనర్స్ రిస్క్' (సామానుకు ఏమైనా బాధ్యత యజమానిదే) అని, 'వివాదాలన్నీ ఢిల్లీ కోర్టుల్లోనే' అని ఉంది. రెండేళ్ళ క్రితం మా ఆడపడుచు వాళ్ళ సామాన్లు సోలాపూర్ దగ్గర ఆపేసి ఇంకో 18 వేలు గుంజారు. అప్పటినుంచి ఇల్లు మారడమంటేనే టెన్షన్. ఎవరిని ఎంచుకోవాలి? ఆ షరతులు చెల్లుతాయా?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: ముందు ఆ 10 వేలు పంపకండి. సామాను కళ్ళతో చూడకుండా రేటు చెప్పినవాడు ఆ రేటు మీద నిలబడడు. లోడింగ్ రోజునో, దారి మధ్యలోనో 'మీరు చెప్పినదానికన్నా సామాను ఎక్కువుంది' అనే మాట వస్తుంది. మీ ఆడపడుచుగారి విషయంలో జరిగింది కూడా దాదాపు ఇదే అయి ఉంటుంది.

ఇక ఆ షరతుల సంగతి. రోడ్డు మీద కిరాయికి సరుకు మోసేవాళ్ళ కోసం క్యారేజ్ బై రోడ్ యాక్ట్, 2007 అని ఒక చట్టం ఉంది. 1865 నాటి క్యారియర్స్ యాక్ట్ స్థానంలో 2011 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. కిరాయి తీసుకుని అందరి సరుకూ మోసేవాళ్ళు, వాళ్ళ తరఫున బుకింగ్ చేసే ఏజెంట్లు, బ్రోకర్లు అందరూ దీని ప్రకారం 'కామన్ క్యారియర్లు'. 'మేం బుకింగ్ మాత్రమే చేస్తాం, లారీ మాది కాదు' అని చేతులు దులుపుకోవడం కుదరదు. ప్రకృతి విపత్తు, యుద్ధం, అల్లర్లు, ప్రభుత్వ ఉత్తర్వు, చట్టప్రకారం జరిగిన జప్తు లాంటి కొద్ది కారణాలు తప్పిస్తే, సామాను పోయినా పాడైనా బాధ్యత వాళ్ళదే. వాళ్ళు నిర్లక్ష్యం చేశారని మీరు రుజువు చేయాల్సిన పని కూడా లేదు. పాత చట్టం ఉన్న రోజుల్లోనే, 2000లో, నాథ్ బ్రదర్స్ ఎగ్జిమ్ కేసులో సుప్రీంకోర్టు 'ఓనర్స్ రిస్క్' అని రాసుకున్నంత మాత్రాన నిర్లక్ష్యం నుంచి క్యారియర్ తప్పించుకోలేడని చెప్పింది. రుజువు భారం సరుకు యజమాని మీద ఉండదన్న నియమం వినియోగదారుల ఫోరాలకూ వర్తిస్తుందని అదే ఏడాది పటేల్ రోడ్‌వేస్ కేసులో తేల్చింది.

ఢిల్లీ షరతు చూసి కూడా భయపడకండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోట, లేదా ఉద్యోగం చేసే చోట ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. పుణె వెళ్ళాక పుణెలోనే వేసుకోండి.

మీరు అడగని విషయం ఒకటుంది. జనం ఎక్కువగా నష్టపోయేది అక్కడే, కాబట్టి దాని గురించి కాస్త వివరంగా చెబుతాను.

సామాను ఎక్కించేటప్పుడు మీ చేత సంతకం పెట్టించుకునే కాగితాల్లో ఒకటి గూడ్స్ ఫార్వార్డింగ్ నోట్. సరుకు ఏమిటి, ఎక్కణ్ణుంచి ఎక్కడికి, విలువ ఎంత అనేవి అందులో ఉంటాయి. అది మీరు ఇచ్చే ప్రకటన. అది చూసి వాళ్ళు మీకు రసీదు ఇస్తారు. దాన్నే ఎల్‌ఆర్ అంటారు, కొందరు బిల్టీ అంటారు. ఆ నోట్‌లో 'విలువ' అనే గడి దగ్గర చాలామంది చూడకుండా సంతకం పెట్టేస్తారు. ఈ చట్టం కింద వచ్చిన 2011 నియమాల ప్రకారం క్యారియర్ ఇవ్వాల్సిన నష్టపరిహారం రవాణా కిరాయికి పది రెట్లు దాటదు. అదీ మీరు ఆ గడిలో రాసిన విలువకు లోబడే. అంతకన్నా ఎక్కువ బాధ్యత కావాలంటే అదనపు రుసుము కడతామని ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

లెక్క వేసి చూడండి. 38 వేల బిల్లులో ప్యాకింగ్, హమాలీ, బిగింపు అన్నీ విడివిడిగా చూపించి, అసలు రవాణా కిరాయి 15 వేలే అని రాశారనుకుందాం. పది రెట్లు అంటే లక్షన్నర. విలువ గడిలో 50 వేలు అని ఉంటే ఆ లక్షన్నర కూడా రాదు, 50 వేల దగ్గరే ఆగిపోతుంది. మీ ఇంట్లో ఫ్రిజ్, టీవీ, వాషింగ్ మెషిన్, రెండు మంచాలు కలిపితేనే అంతకన్నా ఎంతో ఎక్కువ ఉంటుంది.

నా దగ్గరకు ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు వచ్చారు. హనుమకొండ నుంచి బెంగళూరులో కొడుకు దగ్గరికి మారుతుంటే డీసీఎం పైన కప్పిన టార్పాలిన్ చిరిగి రాత్రంతా వాన కురిసింది. టేకు బీరువా ఉబ్బిపోయింది, పరుపులు తడిసి ముద్దయ్యాయి, ముప్పై ఏళ్ళుగా కూడబెట్టుకున్న పుస్తకాలు అట్టల్లా అతుక్కుపోయాయి. ఆయన సంచీలోంచి తీసిన కాగితం కార్బన్ కాపీ, లేత గులాబీ రంగు. విలువ గడిలో నీలం పెన్నుతో 50,000, కింద ఆయన సంతకం. ఆ అంకె ఆయన రాసింది కాదు. 'సార్, తక్కువ వేస్తే ఇన్సూరెన్సు ఖర్చు తగ్గుతుంది' అని సూపర్‌వైజర్ రాశాడు. ఆయన నమ్మారు. ఆ ఒక్క అంకెను దాటించడానికి మేం పడ్డ కష్టం అంతా ఇంతా కాదు. అందుకే అడిగిన ప్రతివాళ్ళకూ చెబుతుంటాను: ఆ గడి మీ చేత్తో మీరే నింపండి. సామాన్ల జాబితా వేసి, ఒక్కోదానికి ఇప్పటి విలువ కట్టి, మొత్తం రాయండి. ఖాళీగా ఉన్న నోట్ మీద సంతకం పెట్టకండి.

ఇన్సూరెన్సు విషయంలోనూ ఇలాంటి మోసమే ఉంది. కొటేషన్‌లో 'ఇన్సూరెన్స్ 3 శాతం' అని ఒక వరస ఉంటుంది. చాలాసార్లు అది ఇన్సూరెన్సు కాదు, ఆ కంపెనీ తన దగ్గరే ఉంచేసుకునే డబ్బు. అసలైన ట్రాన్సిట్ ఇన్సూరెన్సు అయితే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అనుమతి ఉన్న బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు, మీ పేరు ఉన్న సర్టిఫికెట్ లారీ కదలకముందే మీ చేతికి రావాలి. రాకపోతే ఆ 3 శాతం కట్టకండి. వచ్చినా అందులో ఏ క్లాజు ఉందో చూడండి. ఇన్‌లాండ్ ట్రాన్సిట్ క్లాజ్ 'సి' అంటే నిప్పు, పిడుగు వరకే. 'బి' అయితే లారీ బోల్తా పడడం, ఢీకొనడం లాంటివి కూడా కలుస్తాయి. గీతలు, పగుళ్ళు, దొంగతనం కూడా రావాలంటే 'ఎ' ఉండాలి, అందులోనూ మినహాయింపులు చదువుకోవాలి. ఇక్కడా విలువ తగ్గించి చూపకండి. 6 లక్షల సామానుకు 3 లక్షలకే బీమా చేస్తే లక్ష నష్టానికి సగమే చేతికొస్తుంది. బంగారం, నగదు, సర్టిఫికెట్లు, ఇంటి దస్తావేజులు మాత్రం ఎవరికీ అప్పగించకుండా మీ వెంటే తీసుకెళ్ళండి.

మీ ముగ్గురిలో ఎవరు అన్నది ఇప్పుడు చూద్దాం. 38 వేలు, 41 వేలు చెప్పిన ఇద్దరినీ మూడు కాగితాలు అడగండి. మొదటిది, క్యారేజ్ బై రోడ్ చట్టం కింద తీసుకున్న రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. ఇది లేకుండా ఈ వ్యాపారం చేయకూడదు. రెండోది జీఎస్టీ నంబరు. పదిహేను అక్షరాలు, అంకెలు ఉంటాయి. తెలంగాణలో రిజిస్టరైతే 36తో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో కొడితే సంస్థ అసలు పేరు, నంబరు పనిచేస్తోందో రద్దయిందో కనిపిస్తుంది. పేరున్న కంపెనీ పేరుకు ముందో వెనకో ఒక మాట తగిలించి తిరిగేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళు ఇక్కడే దొరికిపోతారు. మూడోది బ్యాంకు ఖాతా వివరాలు. ఖాతా ఆ సంస్థ పేరు మీదే ఉండాలి. ఎవరో ఒక వ్యక్తి పేరు మీదున్న యూపీఐకి డబ్బు పంపమంటే ఆ బేరం వదిలేయండి.

మీ వారు బ్యాంకు ఉద్యోగి కాబట్టి ఇంకొక జాగ్రత్త. షిఫ్టింగ్ ఖర్చు తిరిగి ఇవ్వడానికి చాలా బ్యాంకులు ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ సిఫారసు జాబితాలో ఉన్న ట్రాన్స్‌పోర్టర్ బిల్లు అడుగుతాయి. ఆయన బ్యాంకు ఏమడుగుతుందో ముందే కనుక్కోండి. 'ఐబీఏ అప్రూవ్డ్' అని విజిటింగ్ కార్డు మీద ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు, జాబితాలో పేరు ఉందో లేదో మీరే సరిచూసుకోవాలి. ఒకరి చేత సామాను మోయించి, ఇంకొకరి పేరుతో ఎక్కువ మొత్తానికి బిల్లు ఇస్తామనేవాళ్ళూ ఎదురవుతారు. అది పట్టుబడితే పోయేది మీ వారి ఉద్యోగమే. దయచేసి ఆ మాట చెవిన పెట్టకండి.

కొటేషన్‌లో మొత్తం ఒక్కటే ఉంటే చాలదు. ఇంటికొచ్చి చూసి రాసుకున్న సామాన్ల జాబితా దానికి జతచేయించండి. మంచాలు విప్పడం, బిగించడం, ఏసీ తీయడం, అక్కడ మూడో అంతస్తుకు ఎక్కించడం, అట్టపెట్టెలు విప్పి చెత్త తీసుకెళ్ళడం, ఇవన్నీ అందులోనే కలిశాయని, ఇంతకుమించి ఏమీ ఇవ్వనక్కర్లేదని రాయించుకోండి. ఏ తేదీలోగా చేరుస్తారో కూడా ఉండాలి, ఆలస్యానికి పరిహారం అడగాలంటే అదే ఆధారం. లారీ మీ ఒక్కరికేనా, పార్ట్ లోడా అని తప్పకుండా అడగండి. పార్ట్ లోడ్ అయితే మీ సామాను ఏదో గోదాములో దించి మళ్ళీ ఇంకో లారీ ఎక్కిస్తారు. నేను చూసిన విరుగుళ్ళలో ఎక్కువ అక్కడ జరిగినవే. కాస్త ఎక్కువైనా మీ ఒక్కరికే బండి మాట్లాడుకోండి. 'ఎంట్రీ ట్యాక్స్', 'ఈ-వే బిల్లు ఖర్చు' అని ఏమైనా కలిపితే కొట్టేయించండి. ఎంట్రీ ట్యాక్స్ 2017 జులైలో జీఎస్టీతోనే పోయింది. ఈ-వే బిల్లు అంటే సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసే పత్రం, వాడిన ఇంటి సామానుకు అది అక్కర్లేదు. అట్టపెట్టె విప్పని కొత్త ఫ్రిజ్ లాంటిది ఏదైనా ఉంటే మాత్రం దాని బిల్లు దగ్గర పెట్టుకోండి.

లోడింగ్ రోజు ప్రతి వస్తువునూ ప్యాక్ చేయకముందు ఫోన్లో వీడియో తీయండి. టీవీ అయితే వెలిగించి తీయండి. వాళ్ళ జాబితాలో ప్రతి వస్తువు పక్కనా 'పాతది, గీతలున్నాయి' అని రాస్తారు, గీతలు లేనివాటికి ఆ మాట కొట్టేయించి పక్కన పొట్టి సంతకం పెట్టించండి. పుణెలో దించాక, విప్పకముందే 'సామాను మంచి స్థితిలో అందింది' అన్న కాగితం చేతిలో పెడతారు. 'పెట్టెలు విప్పి చూడలేదు, ఫలానావి దెబ్బతిన్నాయి' అని రాసి, అప్పుడు సంతకం పెట్టండి. రాయనివ్వకపోతే ఫోటో తీసి అక్కడికక్కడే వాళ్ళకు వాట్సాప్‌లో పంపండి.

దారిలో బండి ఆపి ఎక్కువ డబ్బు అడిగితే, ఒప్పుకున్న మొత్తం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నామని ముందు మెసేజ్ పెట్టండి. ఇది ముఖ్యం. రావాల్సిన కిరాయి కోసం సరుకు ఆపుకునే హక్కు క్యారియర్‌కు ఉంటుంది, లేని బాకీ కోసం ఆపుకునే హక్కు లేదు. ఆ తర్వాత కూడా ఆపితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308 కింద బలవంతపు వసూలు, 316(3) కింద క్యారియర్ చేసిన నమ్మకద్రోహం అని ఫిర్యాదు ఇవ్వండి. రెండోదానికి ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. బండి ఎక్కడ ఆగినా మీకు దగ్గరున్న స్టేషన్లోనే జీరో ఎఫ్‌ఐఆర్ అడగవచ్చు. 'ఇది సివిల్ మేటర్' అంటే కొటేషన్, ఆ మెసేజ్, వాళ్ళు డబ్బు అడిగిన కాల్ రికార్డింగు చూపించండి. 112కు కూడా ఫోన్ చేయండి. పిల్లలతో ఖాళీ ఇంట్లో నేల మీద పడుకోలేక డబ్బు ఇవ్వాల్సి వస్తే అందులో తప్పేమీ లేదు. నగదు మాత్రం ఇవ్వకండి. బ్యాంకు ద్వారా ఇస్తూ, 'సామాన్లు ఆపినందువల్ల గత్యంతరం లేక, అభ్యంతరం తెలుపుతూ ఇస్తున్నాను' అని మెసేజ్ పెట్టండి. ఆ డబ్బు తర్వాత వసూలు చేసుకోవచ్చు.

నష్టం జరిగితే రాతపూర్వక నోటీసు బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు వాళ్ళకు అందాలి. సామాను అందిన తేదీ నుంచి కాదు, బుక్ చేసిన తేదీ నుంచి. ఈ గడువు దాటి మంచి కేసులు కొట్టేయించుకున్నవాళ్ళు ఉన్నారు, కాబట్టి నెల తిరక్కుండానే స్పీడ్ పోస్టులో పంపించి రసీదు దాచుకోండి. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయండి, చాలా సంస్థలు ఆ దశలోనే దిగొస్తాయి. రాకపోతే జిల్లా కమిషన్‌కు వెళ్ళండి. రెండేళ్ళ గడువు ఉంది, వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయవచ్చు. సేవకు మీరు చెల్లించింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు ఉండదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు.

ఆ ఇద్దరిలో ఎవరు విలువ గడి మీ చేత నింపనిస్తారో, పాలసీ సర్టిఫికెట్ లారీ కదలకముందు ఇస్తామని రాసిస్తారో వాళ్ళకే పని అప్పగించండి. అది 41 వేలవాళ్ళే అయినా సరే. అడ్వాన్సు నాలుగో వంతు మించకుండా, మిగతాది పుణెలో సామాను దించాకే ఇచ్చేలా మాట్లాడుకోండి.