అడవిపందికి ముళ్లతీగ ఆనుతుందా? చేని కంచెపై ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది గుట్టల అంచున ఉన్న పల్లె. 220 అడుగుల వెడల్పు, 1,000 అడుగుల పొడవు ఉన్న ఐదెకరాల చెల్క చేనులో వానాకాలం మొక్కజొన్న, యాసంగిలో వేరుశనగ వేస్తాము. ఆరేళ్ల కిందట కర్ర గుంజలు పాతి మూడు వరుసల ముళ్లతీగ లాగించాము. ఇప్పుడు గుంజలకు చెదలు పట్టింది. పశువులు ఆగుతున్నాయి గాని అడవిపందులు ఆగడం లేదు. దుకాణదారు జాలీ వేయమంటున్నారు, పక్క చేను రైతు సోలార్ కంచె మేలంటున్నారు, మోటారు లైను నుంచే ఒక వైరు లాగితే ఖర్చే ఉండదని ఊళ్లో ఇంకొకరు చెబుతున్నారు. ఏది చేయమంటారు?
– ఒక రైతు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: మీరు చివర రాసిన మాటకే ముందు జవాబు చెప్పవలసి ఉంది. మోటారు లైను నుంచి గాని, ఇంటి మీటరు నుంచి గాని కంచెకు కరెంటు పెట్టే ఆలోచనను దయచేసి పూర్తిగా మానుకోండి. ఆ కరెంటు ఆగకుండా పారుతూ ఉంటుంది కనుక తీగను పట్టుకున్న చేతి కండరాలు బిగుసుకుపోతాయి, మనిషి వదిలించుకోలేడు. రాత్రిపూట నీళ్లు కట్టడానికి పోయిన పక్క చేను రైతు, తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ వచ్చిన పిల్లవాడు, కరెంటు లేదనుకొని తాను పెట్టిన తీగనే తాకిన చేని యజమాని – ఇలా ప్రాణాలు పోయిన వార్తలను మనం పత్రికల్లో మళ్లీ మళ్లీ చదువుతూనే ఉన్నాము. 2003 నాటి విద్యుత్ చట్టం 135వ సెక్షను కింద కరెంటు చౌర్యానికి మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. మనిషి చనిపోతే అంతకంటే పెద్ద కేసు అవుతుంది. అడవి జంతువు చనిపోతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. అయితే చట్టం సంగతి అటుంచి, ఒక్క యాసంగి పంట కోసం ఒక ఇంటి మనిషిని పోగొట్టుకునే పని ఎవరూ చేయకూడదని మా వేడుకోలు.

ఇక కంచె సంగతి. దుకాణంలో ఏమి దొరుకుతుందన్న దానికంటే ముందు, ఏ జంతువును ఆపాలన్నది తేల్చుకోవాలి. ఆవు, బర్రె కంచెను మెడతో, రొమ్ముతో నెడతాయి కనుక మూడు నాలుగు వరుసల ముళ్లతీగ వాటికి చాలును. అడవిపంది దారి వేరు. అది ముట్టెతో నేలను పెళ్లగించి, కింది తీగను పైకెత్తి లోపలికి దూరుతుంది. మందమైన తోలు, గరుకు వెంట్రుకలు ఉండటం వల్ల ముళ్లు దానికి పెద్ద అడ్డంకి కావు. అందువల్ల మీ కంచెలో మరో రెండు వరుసలు పైన పెంచినా ప్రయోజనం ఉండదు. పందితో గెలుపోటములన్నీ నేల నుంచి అడుగున్నర ఎత్తులోపలే తేలిపోతాయి.

జాలీ ఆ పని చేయగలదు గాని, అడుగు భాగాన్ని కనీసం ఒక అడుగు లోతున మట్టిలో పాతాలి, లేదా కింది అంచులో మందపాటి తీగ దూర్చి గట్టిగా బిగించాలి. లేకపోతే పంది జాలీని కూడా ఎత్తేస్తుంది. పైగా మీ చేను పొడవాటి పట్టీ. చుట్టుకొలత 2,440 అడుగులు, అంటే సుమారు 744 మీటర్లు. అదే ఐదెకరాలు చతురస్రంగా ఉంటే 1,870 అడుగుల లోపే సరిపోయేది. కంచె ఖర్చు ఎకరాలను బట్టి కాక చుట్టుకొలతను బట్టి వస్తుంది కనుక, పట్టీ చేనుకు ఎకరానికి ఇంత అని చెప్పే ధర లెక్కను నమ్మవద్దు. మీటరుకు ఎంతో అడగండి. ఐదెకరాలంతటికీ పాతిన జాలీ వేయడం మీ పంటల రాబడికి భారమవుతుందని మా అభిప్రాయం. బోరు, కూరగాయల మడి, పశువుల కొట్టం ఉన్న మూలకు మాత్రం జాలీ వేసుకోండి.

మిగిలిన చేనుకు రాతి కడీల మీద నాలుగు వరుసల ముళ్లతీగ, దానికి బయటి వైపున విడిగా రెండు సోలార్ తీగలు పెట్టించడం మీకు తగిన మార్గం. పంది ముట్టె తడిగా, వెంట్రుకలు లేకుండా ఉంటుంది. దెబ్బ తగలవలసింది అక్కడే. కాబట్టి ఒక తీగ నేలకు 8 అంగుళాల ఎత్తున, రెండవది 16 నుంచి 18 అంగుళాల ఎత్తున ఉండాలి. ఈ రెండూ నున్నటి గాల్వనైజ్డ్ తీగలే కావాలి. ముళ్లతీగకు ఎట్టి పరిస్థితిలోనూ సోలార్ కరెంటు ఇవ్వరాదు. ముళ్లకు చిక్కుకున్న ప్రాణి విడిపించుకోలేక దెబ్బ మీద దెబ్బ తింటుంది. ముళ్లతీగకూ సోలార్ తీగకూ మధ్య కనీసం అర అడుగు ఎడం ఉంచండి. తీగలు బయటి వైపు వస్తాయి కనుక కడీల వరుసను హద్దు నుంచి అడుగున్నర లోపలికి జరిపి పాతితే పక్క రైతుతో తగాదా ఉండదు.

సోలార్ కంచెకూ మోటారు కరెంటుకూ తేడా ఏమిటని చాలామంది అడుగుతారు. సోలార్ కంచె యంత్రం, అంటే ఎనర్జైజర్, బ్యాటరీ కరెంటును వేల వోల్టులకు పెంచుతుంది గాని, దానిని సెకనుకు ఒక్కసారి, అదీ సెకనులో నూరో వంతు కంటే తక్కువ సేపు మాత్రమే తీగలోకి వదులుతుంది. ఒక్కో దెబ్బలోని శక్తి 5 జౌల్స్‌కు మించరాదని అంతర్జాతీయ భద్రతా ప్రమాణం చెబుతుంది. రెండు దెబ్బల మధ్య దొరికే ఆ విరామంలోనే జంతువైనా, మనిషైనా వెనక్కి తగ్గగలుగుతారు. యంత్రం కొనేటప్పుడు ఈ ప్రమాణానికి లోబడి తయారైనదో కాదో కాగితంపై చూపించమని అడగండి, చూపించలేని యంత్రాన్ని ఎంత చవకైనా తీసుకోవద్దు. బాట వైపు హెచ్చరిక బోర్డులు తప్పనిసరి.

కడీలు ఏడడుగులవి తీసుకొని రెండడుగులు భూమిలోకి దించండి. పదడుగులకొకటి చొప్పున మీకు సుమారు 245 కావాలి, మూలల ఆసరా కడీలు వీటికి అదనం. తీగ లాగినప్పుడు బరువంతా మూల కడీల మీదనే పడుతుంది కాబట్టి వాటికి కాంక్రీటు పోసి రెండు వైపులా ఏటవాలు ఆసరా ఇవ్వాలి. మధ్యవాటికి రాళ్లు, మొరం వేసి దిమ్మిస ఆడిస్తే చాలు. తీగ విషయంలో గేజి సంఖ్య పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందన్నది గుర్తుంచుకోండి. 12 గేజి తీగ 2.64 మిల్లీమీటర్లు, 14 గేజి తీగ 2.03 మిల్లీమీటర్లు మందం ఉంటాయి. చూపుకు తేడా కొంచెమే గాని, మొదటి దానిలో ఉక్కు ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది. జింకు పూత పలుచగా ఉంటే ఎంత మందపు తీగైనా తొందరగా తుప్పు పడుతుంది.

గుట్ట వైపు హద్దున, ముళ్లతీగకు లోపలగా, ఈ వానాకాలమే వాక్కాయ మొక్కలు నాటమని మా సలహా. మూడడుగుల ఎడంతో రెండు వరుసలు, ఒక వరుస మొక్క రెండో వరుస సందుకు ఎదురుగా వచ్చేలా నాటి కత్తిరిస్తూ పోతే, కొన్నేళ్లలో దట్టమైన ముళ్ల గోడ అవుతుంది, కాయలూ చేతికొస్తాయి. నెమళ్లు, కోతులకు మాత్రం వీటిలో ఏ కంచే జవాబు కాదు.

పని మొదలుపెట్టే ముందు సర్వేయరుతో హద్దులు కొలిపించండి. పక్క రైతులను పిలిచి, వారి ఎదుటే హద్దురాళ్లు చూసుకోండి. ఏళ్లుగా నడుస్తున్న బండ్ల బాట ఉంటే దానిని మూయకుండా గేటు పెట్టండి.

ప్రశ్న: నిరుడు వానాకాలంలో మామిడి తోటకు సోలార్ కంచె వేయించాము. అప్పుడు బాగా పనిచేసింది. వేసవి వచ్చాక తీగను ముట్టుకున్నా చురుకు తెలియడం లేదు. యంత్రం చెడిపోయిందా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు జిల్లా

జవాబు: యంత్రాన్ని విప్పే ముందు ఎర్తింగ్ చూడండమ్మా. తీగను తాకిన జంతువు కాళ్ల కింది నేల గుండా కరెంటు తిరిగి యంత్రానికి చేరితేనే దెబ్బ తగులుతుంది. ఎండిన నేల ఆ దారిని మూసేస్తుంది. ఒకే కడ్డీ పాతి ఉంటే, ఆరడుగుల గాల్వనైజ్డ్ కడ్డీలు మూడింటిని పదేసి అడుగుల ఎడంతో, వీలైతే తేమ నిలిచే చోట పాతించి ఒకదానితో ఒకటి కలపండి. ఇంటి కరెంటు ఎర్తుకు ఇవి కనీసం పది మీటర్ల దూరంలో ఉండాలి. వేసవిలో వాటి మొదట్లో నీళ్లు పోయించండి. అంతకీ ఫలితం లేకపోతే, కంచెలో ఒక తీగను విడిచి ఒక తీగను ఎర్తుకు కలిపే పద్ధతి ఉంది. అప్పుడు రెండు తీగలను ఒకేసారి తాకిన జంతువుకు నేల ఎండి ఉన్నా దెబ్బ తగులుతుంది.

వీటితోపాటు సౌర పలక మీది దుమ్ము తుడిపించండి, బ్యాటరీలో నీటి మట్టం చూడండి, తీగను తాకుతున్న గడ్డిని, కొమ్మలను కోయించండి. ఈసారి నుంచి చేతితో ముట్టి చూడవద్దు. కంచె వోల్టేజి కొలిచే చిన్న మీటరు దొరుకుతుంది, దానితోనే వారానికొకసారి చూసి తేదీ వేసి రాసిపెట్టుకుంటే, ఏ రోజు నుంచి తగ్గిందో మీకే తెలుస్తుంది.