కచేరీకి ముందు వాద్యబృందం

ప్రశ్న: మా అమ్మాయి చెన్నైలో ఒక పాశ్చాత్య వాద్యబృందంలో వయొలిన్ వాయించడానికి చేరింది. కచేరీకి ఎలా సిద్ధమవుతారు?
– ఒక పాఠకురాలు, మైలాపూరు

జవాబు: అసలు శ్రమ ఇంటివద్దే జరగాలి, రిహార్సల్ ఉన్నది తన భాగాన్ని నేర్చుకోవడానికి కాదు, ఇతరులను వింటూ వారితో కలిసి వాయించడానికి. ఒక విభాగంలోని వారందరి కమానులు సాధారణంగా ఒకే దిశలో కదలాలి కనుక, విభాగ ప్రధానులు నిర్ణయించిన గుర్తులను అందరూ తమ స్వరపత్రాల్లో పెన్సిలుతోనే రాసుకుంటారు, ఎందుకంటే చివరి రిహార్సల్ దాకా మార్పులు వస్తూనే ఉంటాయి. మన కచేరీలో తంబురా ఆద్యంతం శ్రుతిని నిలిపితే, అక్కడ ఓబో అనే సుషిరవాద్యం మొదట వినిపించే ఒక్క స్వరానికి, సాధారణంగా సెకనుకు 440 కంపనాల స్థాయిలో, అందరూ శ్రుతి చేసుకుంటారు. చెన్నై ఉక్కపోతలోంచి ఏసీ హాలులోకి వచ్చిన వయొలిన్ శ్రుతి తప్పుతుంది. అది కుదురుకునేందుకు అమ్మాయిని అరగంట ముందే చేరుకోమనండి.