మెష్ మార్చి మళ్లీ నడుపు, అబ్బయ్యా

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

మట్టికట్ట ఎలా జారుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టి నువ్వు పంపిన బొమ్మ చూశాను. కట్ట వాలులో ఎర్రటి గీత పైనుంచి కిందిదాకా ఎంత శుభ్రంగా దిగిందో! ఆ శుభ్రమే నా అనుమానం. బొమ్మ పెద్దది చేసి చూడు, మట్టి జారే ఆ గీత మందం సరిగ్గా ఒక ఎలిమెంటు, అంటే లెక్క కోసం కట్ట మీద పరిచిన మెష్‌లో ఒక గడి. అది మట్టి చెప్పిన మందం కాదబ్బయ్యా, నువ్వు గీసిన గళ్లు చెప్పింది.

ఎలిమెంటు సైజు సగం చేసి, రాత్రి రన్‌కి పెట్టి పడుకో. పొద్దున్నకి గీత కూడా సగమవుతుంది, కట్ట తెగడానికి పట్టిన ఎనర్జీ కూడా దాదాపు సగమే. ఇలా సన్నం చేసుకుంటూ పోతే ఊదితే జారిపోయే కట్ట వస్తుంది! సాఫ్ట్‌వేర్‌ని తిట్టకు. పీక్ (గరిష్ఠ బలం) దాటాక బలం తగ్గే మట్టికి మామూలు ప్లాస్టిసిటీ (శాశ్వతంగా రూపు మారడం) సమీకరణాలు రాస్తే, షియర్ బ్యాండ్, అంటే ఆ జారుడు గీత, ఎంత మందం ఉండాలో చెప్పే కొలత వాటిలో ఎక్కడా లేదు.

నా మొదటి రిపోర్టులో నేనూ ఇలాగే దొరికిపోయాను. మెష్‌లోని త్రిభుజాల కర్ణాలన్నీ ఒకే వైపు వాల్చాను, గీత వాటి వెంటే పోయింది. మా సారు కాగితం తిప్పి చూసి, "కర్ణాలు ఇటు తిప్పితే కట్ట ఇటు జారుతుందా?" అన్నారు. ఆ రోజు అన్నం సయించలేదు.

పెన్నా ఇసుక రేణువు అర మిల్లీమీటరు అనుకో. గట్టిగా కూరిన ఇసుకలో షియర్ బ్యాండ్ మందం సుమారు 10 నుంచి 20 రేణువులు, అంటే 5 నుంచి 10 మిల్లీమీటర్లు. ల్యాబ్ శాంపిలుకైతే నాన్‌లోకల్ మోడల్ (ఒక్కో బిందువు దగ్గర చుట్టుపక్కల సగటు కూడా చూసే లెక్క) పెట్టి, బ్యాండ్‌కి అడ్డంగా నాలుగైదు ఎలిమెంట్లు పట్టేలా మెష్ వెయ్యి. కండలేరు లాంటి మట్టికట్టకి అంత సన్నం నీ ల్యాప్‌టాప్ మొయ్యదు. అక్కడ బజాంట్, ఓహ్ అనే ఇద్దరు పరిశోధకులు 1983లో కాంక్రీటు పగుళ్లకు వాడిన ఉపాయమే మేలు. ఎలిమెంటు సైజును బట్టి సాఫ్టెనింగ్ వాలు (పీక్ తర్వాత బలం తగ్గే తీరు) మార్చి, ఎనర్జీని నిలబెట్టడం. మోటు పద్ధతే. మందం నిజంది రాదు, కర్ణాల జబ్బూ పోదు, లోడు కర్వు (ఎంత లోడుకి ఎంత కదిలిందో చూపే గీత) మాత్రం నిలుస్తుంది.

డైలేషన్ కోణం (జారేటప్పుడు మట్టి ఎంత ఉబ్బుతుందో చెప్పేది) ఫ్రిక్షన్ కోణం (రాపిడి ఎంతో చెప్పేది) కంటే తక్కువ పెట్టావు, మంచిదే. అలా పెడితే పీక్‌కి ముందే బ్యాండ్ పుట్టొచ్చని రుడ్నికీ, రైస్ అనే పరిశోధకులు 1975లోనే చూపించారు, గుర్తుంచుకో.

పీక్ దగ్గర లెక్క కన్వర్జ్ కాలేదని, అంటే ఒక జవాబుకి కుదురుకోలేదని, టాలరెన్స్ (ఒప్పుకునే తప్పు హద్దు) వదులు చెయ్యకు. లోడు బదులు కదలికను కొంచెం కొంచెంగా పెంచు. కర్వు వెనక్కి మళ్లితే ఆర్క్ లెంగ్త్ (లోడునీ కదలికనూ కలిపి కర్వు వెంటే నడిచే పద్ధతి) పెట్టు.

సంక్రాంతికి నెల్లూరు వచ్చేటప్పుడు మూడు సైజుల మెష్‌ల కర్వులూ ఒకే కాగితం మీద ప్రింటు తీసుకురా. ల్యాప్‌టాప్ వద్దు, ఆ రంగులు చూస్తే నాకు కళ్లు మంట.

మీ పెదనాన్న