ఓవరీలో నీటి బుడగ ఉందన్నారు, అందుకేనా నెల తప్పట్లేదు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 27, మా ఆయనకి 31. పెళ్ళయి ఏడాదిన్నర కావస్తోంది, ఇంకా నెల తప్పలేదు. నాకు పీరియడ్స్ 33, 34 రోజులకి వస్తాయి. 14వ రోజు ఎగ్ రిలీజ్ అవుతుందని మా తోడికోడలు చెప్పింది, వీడియోల్లో కూడా అదే చూసి 13, 14, 15 ఈ మూడు రోజులే కలుస్తున్నాం. కలిశాక లేవగానే అంతా బయటికి వచ్చేస్తోంది, గర్భసంచికి నిలుపుకునే బలం లేదా? పోయిన నెల 19వ రోజు స్కానింగ్ తీయిస్తే ఎడమ ఓవరీలో 19 ఎంఎం నీటి బుడగ ఉందన్నారు. అది గడ్డేనని, ఆపరేషన్ చేయించుకోమని మా అత్తమ్మ ఒకటే పోరు. మా ఆయనేమో రోజూ జిమ్‌కి వెళ్తాడు, నాకేం లోపం ఉంటుంది అని టెస్టుకి రానంటున్నాడు. అసలు లోపల ఏం జరుగుతుందో మా ఇద్దరికీ అర్థమయ్యేలా చెప్పండి.
– ఒక సోదరి, కరీంనగర్ జిల్లా

జవాబు: ముందు ఆ ఆపరేషన్ మాట పక్కన పెట్టమ్మా. నువ్వు రాసినదాన్ని బట్టి ఆ 19 ఎంఎం బుడగ జబ్బు కాకపోవడానికే ఎక్కువ అవకాశం. ఆ నెల ఎగ్ పెరుగుతున్న సంచి అది, రిపోర్టు ఒకసారి మళ్ళీ తీసి చూడు, ఫాలికల్ అని రాసి ఉంటుంది. స్కాన్‌లో అది నల్లగా గుండ్రంగా నీటి బుడగలాగే కనిపిస్తుంది, బయట ఎవరో బుడగ అంటారు, ఇంటికొచ్చేసరికి అది గడ్డ అయిపోతుంది. నిజానికి మీకు ఇన్నాళ్ళూ ఎందుకు కాలేదో చెప్పే మొదటి క్లూ ఆ రిపోర్టులోనే ఉంది.

ఎలాగో చెప్తాను. ఆడపిల్ల పుట్టేటప్పటికే ఓవరీల్లో 10 నుంచి 20 లక్షల ఎగ్స్ ఉంటాయి, తర్వాత కొత్తవి తయారవ్వవు, పెద్దమనిషి అయ్యేనాటికి 3, 4 లక్షలు మిగులుతాయి, అందులో జీవితం మొత్తంలో బయటికి వచ్చేవి 400 నుంచి 500 మాత్రమే. ప్రతి నెలా పీరియడ్ మొదలైన రోజుల్లో మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఎఫ్ఎస్‌హెచ్ అనే హార్మోన్ పంపిస్తుంది, దాంతో కొన్ని ఫాలికల్స్ పెరగడం మొదలుపెడతాయి కానీ చివరికి ఒకటే గెలుస్తుంది, మిగతావి వాడిపోతాయి. గెలిచింది రోజుకి సుమారు 2 ఎంఎం చొప్పున పెరుగుతూ ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తయారు చేస్తుంది, ఆ ఈస్ట్రోజెన్‌కి గర్భసంచి లోపలి పొర మందమవుతుంది. ఫాలికల్ 18 నుంచి 24 ఎంఎం మధ్యకి వచ్చేసరికి పిట్యూటరీ నుంచి ఎల్‌హెచ్ అనే ఇంకో హార్మోన్ ఒక్కసారిగా పెరుగుతుంది, అక్కడి నుంచి ఒకటి, ఒకటిన్నర రోజుల్లో బుడగ పగిలి ఎగ్ బయటికి వస్తుంది, పక్కనే కాచుకుని ఉన్న ట్యూబ్ (ఓవరీ దగ్గర నుంచి గర్భసంచికి వెళ్ళే సన్నటి గొట్టం) చివర దాన్ని లోపలికి లాక్కుంటుంది.

పగిలిన ఫాలికల్ వృథా పోదు, అది పసుపు రంగుకి మారి ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఇస్తుంది. గర్భం నిలవకపోతే సుమారు రెండు వారాల్లో అది ఎండిపోతుంది, ప్రొజెస్టిరాన్ పడిపోతుంది, ఆ పొర ఊడి పీరియడ్‌గా వచ్చేస్తుంది. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే ఈ రెండో సగం చాలామందిలో 12 నుంచి 14 రోజుల దగ్గరే ఉంటుంది, ఎక్కువ తక్కువలు వచ్చేది మొదటి సగంలో. అందుకని ఎగ్ రోజు తెలియాలంటే పీరియడ్ వచ్చిన రోజు నుంచి ముందుకి కాదు, రాబోయే పీరియడ్ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. 28 రోజుల సైకిల్ ఉన్నవాళ్ళకి 14వ రోజు కరెక్టే, మీ తోడికోడలిది 28 అయి ఉంటుంది, పాపం ఆవిడ తనకి తెలిసింది చెప్పింది. నీది 34, అందులోంచి 14 తీసేస్తే 20. 19వ రోజు స్కాన్‌లో 19 ఎంఎం ఫాలికల్ కనిపించిందంటే లెక్క సరిపోయింది కదా!

ఎగ్ బయటికి వచ్చాక బతికేది 12 నుంచి 24 గంటలే. వీర్యకణాలు గర్భసంచి ముఖద్వారం దగ్గర మంచి జిగురు ఉన్న రోజుల్లో లోపల 5 రోజుల దాకా ఉండగలవు కానీ ఎక్కువ శాతం రెండు మూడు రోజుల్లోనే పోతాయి. అంటే గర్భం వచ్చే అవకాశం ఉన్నవి ఎగ్ రిలీజ్ అయ్యే రోజు, దానికి ముందు 5 రోజులు, అంతే. మీరు 15వ రోజుకే ఆపేస్తున్నారు, ఇది బస్సు రాకముందే స్టాప్ నుంచి ఇంటికి వెళ్ళిపోవడం లాంటిది. ఇకమీదట 13వ రోజు నుంచి 23 దాకా రోజు విడిచి రోజు కలవండి, క్యాలెండర్‌లో గీతలు కొట్టుకుని టెన్షన్ పడొద్దు. ఆ రోజుల్లో తెల్లబట్ట పల్చగా, జారుడుగా, వేళ్ళ మధ్య సాగుతూ వస్తుంది, చాలామంది అదేదో జబ్బు అనుకుని మందులు వాడేస్తారు, దురద, వాసన, మంట లేకపోతే అది మంచి గుర్తు, వీర్యకణాలకి దారి తెరిచి ఉందని అర్థం.

ఇక బయటికి వచ్చేయడం గురించి. ఓపీలో ఈ ప్రశ్న అడగని జంట లేదేమో. వీర్యంలో మూడింట రెండు వంతులు సెమినల్ వెసికిల్స్ అనే సంచుల నుంచి వచ్చే ద్రవం, మిగతాదాంట్లో ఎక్కువ భాగం ప్రొస్టేట్ గ్రంథిది, వృషణాల నుంచి వచ్చే కణాల వాటా అందులో బాగా తక్కువ. పడగానే అది గడ్డకట్టినట్టు అవుతుంది, అరగంట లోపు మళ్ళీ పల్చబడి బయటికి కారుతుంది. వెళ్ళాల్సిన కణాలు కొద్ది నిమిషాల్లోనే గర్భసంచి ముఖద్వారం దగ్గరి జిగురులోకి వెళ్ళిపోయి ఉంటాయి, నీకు కనిపించేది మిగిలిన ద్రవం. గర్భసంచి నిలుపుకోవడం, జార్చేయడం ఏమీ లేదు. నడుం కింద దిండ్లు, గోడకి కాళ్ళు ఇవేవీ అక్కర్లేదు, లేచి యూరిన్‌కి కూడా వెళ్ళొచ్చు, ఆ దారి వేరు ఈ దారి వేరు (డిగ్రీలు చదివిన అమ్మాయిలకి కూడా ఇది తెలియదు, తప్పు వాళ్ళది కాదు, బయాలజీ టీచర్లు ఆ పాఠం మీరే చదువుకోండి అని పేజీ తిప్పేస్తారు).

పడే కణాలు కోట్లలో ఉన్నా ట్యూబ్ దాకా చేరేవి కొన్ని వందలు. అక్కడ ఒకటి ఎగ్‌లోకి దూరగానే ఎగ్ పైపొర గట్టిపడి మిగతావాటికి తలుపు మూసేస్తుంది. అలా తయారైన పిండం 4, 5 రోజులు ట్యూబ్‌లో ప్రయాణం చేసి గర్భసంచికి వస్తుంది, ఎగ్ రిలీజ్ అయిన 6 నుంచి 10 రోజులకి పొరలో అతుక్కుంటుంది. అందుకే కలిసిన మూడో రోజే కార్డ్ టెస్ట్ చేసి ఏడవడంలో అర్థం లేదు.

ఇప్పుడు మీ ఆయన సంగతి, ఈ పేరా ఆయనకే చదివి వినిపించు. తమ్ముడూ, కండలకీ వీర్యకణాల కౌంట్‌కీ సంబంధం లేదు. సంసారం బాగానే ఉంది, వీర్యం బాగానే పడుతోంది అంటే కణాలు ఉన్నట్టు కాదు, పైన చెప్పాను కదా ద్రవం వచ్చేది వేరే చోట నుంచి అని, ఒక్క కణం కూడా లేనివాళ్ళకి కూడా చూడటానికి వీర్యం మామూలుగానే ఉండొచ్చు. మైక్రోస్కోప్ కింద చూస్తే తప్ప తెలియదు. వృషణాలు ఒంటి బయట ఉండటానికి కూడా ఒక కారణం ఉంది, కణాలు తయారవ్వాలంటే ఒంటి వేడి కన్నా 2 నుంచి 4 డిగ్రీలు తక్కువ ఉండాలి. ఒక కణం తయారై, ఎదిగి, బయటికి రావడానికి ఇంచుమించు మూడు నెలలు పడుతుంది, కాబట్టి రెండు నెలల కింద డెంగీ లాంటి గట్టి జ్వరం వచ్చి ఉన్నా దాని ప్రభావం ఇవాళ్టి రిపోర్టులో కనపడొచ్చు. వంద చుక్కల రక్తం ఒక చుక్క వీర్యం లాంటి కబుర్లు నమ్మొద్దు, రక్తానికీ దీనికీ ఆ లెక్కేమీ లేదు.

జిమ్‌లో ఎవరైనా టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు, స్టెరాయిడ్లు ఇస్తున్నారా? మొహమాటం లేకుండా డాక్టర్‌కి చెప్పాలి. బయట నుంచి హార్మోన్ వస్తే పిట్యూటరీ ఇక అవసరం లేదనుకుని, మగవాళ్ళలో వృషణాలని పనిచేయించే ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ ఆపేస్తుంది, వృషణాలు పని మానేస్తాయి, కౌంట్ జీరోకి కూడా పడిపోవచ్చు. మానేశాక చాలామందిలో కొన్ని నెలలకి తిరిగి వస్తుంది, కానీ అది కూడా డాక్టర్ పర్యవేక్షణలో జరగాలి.

పిల్లలు ఆలస్యమయ్యే జంటల్లో ఇంచుమించు సగం మందిలో మగవాళ్ళ వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది, అయినా మన ఇళ్ళలో ముందు కోడలినే స్కానింగులకి తిప్పుతారు, నాకు ఇది చూస్తే కోపం వస్తుంది. సెమెన్ అనాలిసిస్ (వీర్య పరీక్ష) సూది లేని టెస్ట్, వందల రూపాయల్లో అయిపోతుంది. కలయికకి 2 నుంచి 7 రోజుల గ్యాప్ ఇచ్చి, ల్యాబ్‌లోనే శాంపిల్ ఇస్తే మంచిది, ఇంటి దగ్గరైతే డబ్బా ఒంటికి ఆనించుకుని గంట లోపు తీసుకెళ్ళాలి, సబ్బు, నూనె, మామూలు కండోమ్ వాడకూడదు. డబ్ల్యూహెచ్‌ఓ 2021 లెక్కల్లో కనీస అంకెలు ఇవి: మిల్లీలీటరుకి కోటీ 60 లక్షల కణాలు, కదిలేవి 42 శాతం, మంచి ఆకారం ఉన్నవి 4 శాతం. ఆ 4 చూసి కంగారు పడొద్దు, మనుషుల్లో అంతే. తక్కువ వస్తే ఒక్క రిపోర్టుతో తేల్చకుండా కొన్ని వారాలు ఆగి మళ్ళీ చేయించి యూరాలజిస్ట్‌ని కలవండి. వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బే వేరికోసీల్ లాంటిది ఉంటే చేత్తో పరీక్షించినా తెలుస్తుంది, వైద్యం ఉంది.

నీకు ఇప్పుడు చేయించాల్సినవి థైరాయిడ్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ల రక్తపరీక్షలు. ప్రొజెస్టిరాన్ టెస్ట్ 21వ రోజు చేయించమని రాస్తారు, నీ సైకిల్‌కి మాత్రం 27వ రోజు దగ్గర, అంటే పీరియడ్‌కి వారం ముందు చేయాలి, లేకపోతే ఎగ్ రాలేదని తప్పు రిపోర్టు వస్తుంది. ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు ఇవాళ్టి నుంచే మొదలుపెట్టు. ఏడాది దాటింది కాబట్టి టైమింగ్ మార్చాం కదా అని టెస్టులు వాయిదా వేయొద్దు, రెండూ ఒకేసారి జరగాలి. ట్యూబుల టెస్ట్ మీ ఆయన రిపోర్టు వచ్చాక గైనకాలజిస్ట్ నిర్ణయిస్తారు, గతంలో టీబీ వచ్చి ఉంటే మాత్రం ముందే చెప్పు, మన దేశంలో ట్యూబులు మూసుకుపోవడానికి అదొక ముఖ్య కారణం.

ఆ బుడగ గురించి అత్తమ్మకి అనుమానం తీరకపోతే వచ్చే పీరియడ్ 3 నుంచి 5వ రోజు మధ్య మళ్ళీ స్కాన్ తీయించండి, ఫాలికల్ అయితే అప్పటికి ఉండదు, అలాగే ఉన్నా, పెద్దదైనా గైనకాలజిస్ట్‌కి చూపించాలి. పీరియడ్ వారం లేటైతే పొద్దున మొదటి యూరిన్‌తో టెస్ట్ చేసుకో. పాజిటివ్ వచ్చి కడుపులో ఒక పక్క గట్టిగా నొప్పి, బ్లీడింగ్, కళ్ళు తిరగడం ఉంటే పిండం ట్యూబ్‌లోనే ఉండిపోయిందేమో చూడాలి, అప్పుడు తెల్లారేదాకా ఆగకుండా వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళిపోండి.