ఒక్క సరస్సు చాలు

ప్రశ్న: మేము అమెరికాలో, డెన్వర్ పక్కన అరోరాలో ఉంటాం. అనకాపల్లి నుంచి అత్తగారు, మావయ్యగారు వచ్చి పది రోజులైంది. మావయ్యగారికి 70 ఏళ్ళు, బీపీ మాత్ర వేసుకుంటారు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. పాపకు ఐదేళ్ళు. సెప్టెంబరు ఆఖరి శనివారం రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకు వెళ్ళి బేర్ లేక్, డ్రీమ్ లేక్, ఎమరాల్డ్ లేక్ చూసి, ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు కూడా ఎక్కి రాత్రికి ఇంటికి చేరాలని మావారి ప్లాన్. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఇదంతా ఒక్క రోజులో అవుతుందా?
— ఒక కోడలు

జవాబు: మీరిద్దరే అయితే అవుతుందమ్మా. పెద్దవాళ్ళతో వద్దు.

మా మావయ్యగారు వచ్చిన నాలుగో రోజునే మేము ఆ ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు ఎక్కించాం. అది 12,183 అడుగుల ఎత్తు దాకా పోతుంది. పైన కారు దిగి రెండు నిమిషాలు నిలబడ్డారో లేదో, తల తిరుగుతోందన్నారు. ముఖం పాలిపోయింది. అయినా "ఏం లేదమ్మా, మీరు చూసి రండి, నేను కారులో కూర్చుంటా" అన్నారు. పిల్లల సరదా పాడవుతుందని మన పెద్దవాళ్ళు ఒంట్లో బాగోకపోయినా పైకి చెప్పరు. వెంటనే దిగొచ్చేశాం. ఎస్టెస్ పార్క్ ఊరు చేరేసరికి తేరుకున్నారు గానీ, ఆ దారంతా నేను పడ్డ భయం ఇప్పటికీ మర్చిపోలేదు.

తిరుమల కొండ సుమారు 3,200 అడుగులు. మీ డెన్వరే 5,280. బేర్ లేక్ దగ్గర దగ్గర 9,450. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో 70 శాతమే, కాబట్టి పీల్చే ప్రతి ఊపిరిలోనూ ఆక్సిజన్ ఆ మేరకు తగ్గుతుంది. పది రోజులు డెన్వర్‌లో ఉన్నారు కనుక కొంత అలవాటు పడి ఉంటారు. అయినా బీపీ ఉంది కాబట్టి బయల్దేరే ముందు డాక్టరును తప్పక అడగండి. పైన తలనొప్పి, వాంతి, కూర్చున్నా ఆయాసం లాంటివి కనిపిస్తే ఇంకాసేపు చూద్దామని ఆగకండి, కిందికి దించండి. "బాగానే ఉన్నారా?" అని అడిగితే "ఆఁ" అంటారు. అడగడం కన్నా నడకను, ముఖాన్ని గమనించండి.

నా మాట వింటే స్ప్రేగ్ లేక్‌కు వెళ్ళండి. బేర్ లేక్ రోడ్డులోనే వస్తుంది, ఎత్తు 8,690 అడుగులు. చుట్టూ బాట మైలు లోపే, చక్రాల కుర్చీ కూడా పోయేంత చదును. కూర్చోడానికి బెంచీలు, అన్నం తినడానికి బల్లలు, బాత్‌రూములు ఉన్నాయి. మన ఊరి చెరువులాగే అదీ మనిషి కట్టిందే. ఆబ్నర్ స్ప్రేగ్ అనే ఆయన తన లాడ్జికి వచ్చేవాళ్ళు చేపలు పట్టుకోడానికని వాగుకు అడ్డుకట్ట వేయించాడు. మావయ్యగారికి ఈ కథ చెప్పండి, కట్ట ఎక్కడుందో తప్పకుండా వెతుకుతారు. గాలి లేవకముందే చేరితే నీళ్ళలో హాలెట్ శిఖరం తలకిందులుగా కనిపిస్తుంది. అందుకే తెల్లవారుజామునే బయల్దేరండి. అరోరా నుంచి సుమారు రెండు గంటల దారి.

మీరు వెళ్ళే రోజుల్లో ఆస్పెన్ చెట్లు పసుపు పచ్చగా ఉంటాయి. ఆకు కాడ నొక్కినట్టు పలచగా ఉంటుంది కనుక చిన్న గాలికే వణుకుతుంది. మా అత్తగారు చూసి, "రావాకుల్లా గలగలలాడుతున్నాయే" అని ఆ చెట్ల కిందే గంటసేపు కూర్చున్నారు. ఇంకో సరస్సుకు పోదామంటే కదల్లేదు. ఆమెను అక్కడ కూర్చోనిచ్చాం చూడండి, ఆ ఏడాది తిరిగిన తిరుగుళ్ళన్నిటిలో నాకు ఆ గంటే ఇష్టం.

బేర్ లేక్ మీద మీవారికి అంత మనసుంటే, భోజనాలయ్యాక వెళ్ళండి. కారు ఆపే చోటికి సరస్సు దగ్గరే. పెద్దవాళ్ళు ఒడ్డున ఉంటారు. తండ్రీకూతుళ్ళు అరమైలు ఎక్కి నింఫ్ లేక్ చూసి రావచ్చు. ఎమరాల్డ్ దాకా పైకే 1.8 మైళ్ళు, ఐదేళ్ళ పిల్లకు ఎక్కువ.

ఈ మధ్య సంవత్సరాల్లో మే ఆఖరు నుంచి అక్టోబరు మధ్య వరకు ముందుగా సమయం బుక్ చేసుకున్నవాళ్ళనే లోపలికి పంపుతున్నారు. బేర్ లేక్ రోడ్డుకు పర్మిట్ వేరు. నియమాలు ఏటా మారతాయి, విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకు రుసుం వేరుగా ఉండవచ్చు. ఈ ఏటి సంగతి పార్కు వెబ్‌సైట్‌లో ఈ రోజే చూడండి.

పులిహోర, పెరుగన్నం ఇంటి దగ్గరే కలిపేయండి. టీ కూడా ఫ్లాస్కులో పోసుకోండి. ఆ ఎత్తులో నీళ్ళు దాదాపు 90 డిగ్రీలకే మరిగిపోతాయి, టీ సరిగా దిగదు. చిప్‌మంక్‌లు అచ్చం మన ఉడతల్లా పక్కకొచ్చి కూర్చుంటాయి. పాప ఎంత మారాం చేసినా మెతుకు కూడా వేయనివ్వద్దు, అక్కడ అది నేరం. అత్తగారికి చెప్పులు కాదు, సాక్సులూ బూట్లూ. పొద్దున గడ్డకట్టే చలి ఉండవచ్చు.

ప్రశ్న: శరదృతువులో రాకీ మౌంటెన్ పార్కులో ఎల్క్‌లు (పెద్ద దుప్పుల్లాంటివి) కూస్తాయని మా అబ్బాయి స్కూల్లో విన్నాడట. దగ్గరికి వెళ్ళి ఫొటో తీసుకోవచ్చా?
— ఒక తండ్రి

జవాబు: దగ్గరికి వద్దు. కనీసం 75 అడుగుల దూరం ఉండాలని పార్కు నియమం. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా వాటికి జతకట్టే కాలం, మగవి ఎప్పుడు మీదికొస్తాయో చెప్పలేం. సాయంత్రం మొరెయిన్ పార్క్ మైదానం పక్కన, కారు ఆపుకోనిచ్చే చోట ఆపి, ఇంజన్ కట్టేసి అద్దాలు దించండి. అంత పెద్ద జంతువు గొంతులోంచి సన్నటి ఈల మొదలై పైపైకి పోతుంది. మావాడు మొదటిసారి విని, అది ఏదో పిట్ట అనుకున్నాడు.