‘దయ్యం’ స్త్రీలింగమా?

సందేహం: 2018లో వచ్చిన ‘స్త్రీ’ అనే హిందీ హాస్య భయానక చిత్రం మీద వ్యాసం రాస్తున్నాను. దయ్యం ‘వచ్చింది’, ‘పట్టింది’ అనే అంటాం కనుక అది స్త్రీలింగ పదమనీ, తెలుగువారు దయ్యాన్ని ఆడదిగానే ఊహించారనడానికి అదే రుజువనీ ఒక మిత్రుడు అంటున్నారు. నిజమేనా?

సమాధానం: కాదు. మీ మిత్రుడు ఏకవచనం దగ్గరే ఆగిపోయారు. తెలుగులో ఏకవచన క్రియకు ఆడవారి విషయంలోనూ, మనుషులు కానివాటి విషయంలోనూ రూపం ఒక్కటే: అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, వాన వచ్చింది. బహువచనంలో అవి విడిపోతాయి: అమ్మలు వచ్చారు, ఆవులు వచ్చాయి. వ్యాకరణవేత్త చిన్నయసూరి స్త్రీవాచకాలను ఏకవచనంలో అమహత్తులతోనూ (మనుషులు కానివాటి మాటలతోనూ), బహువచనంలో మహత్తులతోనూ (మగవారిని తెలిపే మాటలతోనూ) చేర్చింది ఇందుకే. ‘దయ్యాలు వేదాలు వల్లించాయి’ అంటామే గాని ‘వల్లించారు’ అనము. ‘ఆడదయ్యాలు’ అన్నా ‘తిరుగుతున్నాయి’ అనే అంటాము. మగదయ్యమైనా ‘వచ్చింది’ అనే తప్ప ‘వచ్చాడు’ అనము. కనుక దయ్యం అమహత్తే. ఈ మాట ‘దైవం’ నుంచి పుట్టిందన్న సంగతి కూడా గుర్తుంచుకోదగ్గది.

హిందీలో అలా కాదు. అక్కడ భూత్ పుంలింగం, చుడైల్ స్త్రీలింగం. క్రియ కూడా ‘ఆయా’, ‘ఆయీ’ అని మారుతుంది కాబట్టి వచ్చినది ఆడో మగో వినేవారికి మాటలోనే తెలిసిపోతుంది.

అయితే మీ వ్యాసానికి అసలు పనికివచ్చేది మరొకటి ఉంది. మధ్యప్రదేశ్‌లోని చందేరీలో జరిగే ఆ కథలో గోడల మీద కనిపించే ‘ఓ స్త్రీ కల్ ఆనా’ అన్న రాత మనకు కొత్తది కాదు. కన్నడనాట ‘నాళె బా’ అని, మన ఊళ్లలో ‘ఓ స్త్రీ రేపు రా’ అని, ఆడదయ్యం అది చదివి వెనక్కి పోతుందన్న నమ్మకంతో తలుపుల మీద రాసుకున్న రోజులున్నాయి. (హిందీ ‘కల్’ నిన్నకూ రేపటికీ ఒకటే గనుక అక్కడ ‘ఆనా’ అన్న క్రియే రేపని తేలుస్తుంది, మన ‘రేపు’కు ఆ చిక్కు లేదు.) మా వీధిలో ఒక తలుపు మీద బొగ్గుతో రాసిన ఆ అక్షరాలు వానకు చెరిగిపోతే, ఆ ఇంటి పెద్దావిడ పొద్దుగూకకముందే మళ్లీ దిద్దించేది. అరుగు మీద కూర్చున్నవాళ్లు మాత్రం ‘అది రాత్రిపూట వచ్చి తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుందట’ అని చెప్పుకునేవారు. చాటున ‘అది’, ఎదుట ‘ఓ స్త్రీ’. భయపడినవారే ఆమెను అమహత్తు నుంచి మనిషిని చేసి పిలిచారు.

చిత్రం కూడా ఆ పిలుపునే పట్టుకుంది. చివరికి గోడమీద రాత ‘ఓ స్త్రీ రక్షా కర్‌నా’ అని మారుతుంది. అందుచేత ఊరివారి భయాన్ని చెప్పేటప్పుడు ‘అది వచ్చింది’ అనీ, ఆ పాత్రను గురించి మీ మాటగా రాసేటప్పుడు ‘ఆమె వచ్చింది’ అనీ రాయండి. క్రియ మారదు, సర్వనామం ఒక్కటే మారుతుంది.